దుమ్ముగూడెం లాకుల నుంచి పాపికొండల దాకా

రైల్లో భద్రాచలం పోవాలనుకున్నవాళ్ళు భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగుతారు. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాముడి గుడికి అక్కడి నుంచి ఇంకా నలభై కిలోమీటర్లు. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు వైపులా అడవి మొదలవుతుంది, కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర మోసే లారీలు వరసగా ఎదురవుతాయి. సారపాక దగ్గర మిల్లు గొట్టాలు కనిపించాయంటే గోదావరి వచ్చేసినట్టే. ఇక్కడి పాత వంతెన మీద రాకపోకలు మొదలైంది 1965లో. అంతకుముందు సీతారాముల కల్యాణానికి వచ్చే జనమంతా ఈ ఒడ్డున ఆగి, రేవులో పడవెక్కి అవతలికి చేరాల్సిందే.

సుమారు నూట యాభై ఏళ్ళ కిందట ఈ నదిని పత్తి పండే బేరారు నుంచి సముద్రం దాకా పడవ దారి చేద్దామని ఇంగ్లీషు సర్కారు కోట్ల రాళ్ళు పేర్చింది. సగంలో ఉండగా రైలు వస్తోంది కదా అని పనులు ఆపేసింది. ఆ రైలు నేటికీ భద్రాచలం ఊళ్ళోకి రాలేదు. ఆగిపోయిన ఆ నీటి దారిలో మిగిలిందేమిటో చూడాలని, దాని మీద ఇంకా పడవ నడుస్తున్న కాస్త దూరమైనా తీరిగ్గా వెళ్ళి రావాలని ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

ముందు ఎగువకు వెళ్ళాను. భద్రాచలం నుంచి పర్ణశాల వెళ్ళే దారిలోనే దుమ్ముగూడెం ఉంది. పర్ణశాలకు పోయే యాత్రికుల ఆటోలు ఇక్కడ ఆగవు. ఆగడానికి గుడి లేదు, హోటలు లేదు. ఉన్నవల్లా గోదావరికి అడ్డంగా ఒక పాత ఆనకట్ట, ఎడమ ఒడ్డున ఒక కాలువ, దాని రెండు కొసల్లో రెండు లాకులు. ఊళ్ళోవాళ్ళు హెడ్ లాకు, టెయిల్ లాకు అనే అంటారు. దారి అడిగితే చిన్నపిల్లలు కూడా ఆ పేర్లే చెప్పి చెయ్యి చూపిస్తారు.

అసలు ఇక్కడ కాలువ ఎందుకు తవ్వాల్సి వచ్చిందో నదిని చూస్తే తెలుస్తుంది. గోదావరి అంతా ఒకే తీరుగా పారదు. కొన్నిచోట్ల నది మధ్యలో రాతి బండలు మైళ్ళ పొడవునా లేచి ఉంటాయి. వరద కాలంలో వాటి మీద నీళ్ళు సుడులు తిరుగుతాయి, వేసవిలో బండలే మిగులుతాయి. రెండు కాలాల్లోనూ పడవకు దారి దొరకదు. ఇలాంటి పెద్ద అవరోధాలు మూడింటిని ఆనాటి ఇంజనీర్లు లెక్కగట్టారు. మొదటిది దుమ్ముగూడెం. రెండోది ఇచ్చంపల్లి. మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. ధవళేశ్వరం ఆనకట్టను 1852లో పూర్తిచేసిన ఆర్థర్ కాటన్‌కు ఈ పై గోదావరి మీద కూడా ఆశ ఉండేది. కెప్టెన్ హేగ్ అనే ఇంజనీరు నదిని పరిశీలించి ఇది పడవలకు పనికొస్తుందా లేదా అన్న విషయంపై రాసిన నివేదిక 1856లో మద్రాసులో అచ్చయింది. తర్వాత పనులు నడిపించిందీ ఆయనే.

ఆశకు వెనక వ్యాపారం ఉంది. వార్ధా నది పరిసరాల్లో, బేరారులో పండే పత్తి ఎద్దుబండ్ల మీద వందల మైళ్ళు దాటి రేవులకు చేరేది. దాన్ని వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో దింపితే ధవళేశ్వరం, అక్కడి నుంచి కాలువలో కాకినాడ. తిరుగు ప్రయాణంలో ఆ పడవలే కోస్తా ఉప్పును పైకి మోసుకెళ్తాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయేసరికి ఈ పథకానికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. అంతకు ఏడాది ముందే, 1860లో, నిజాం ఈ ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు వదిలేశాడు. సిరోంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా పుట్టింది.

ఆనకట్ట కట్టి నీటిని నిలబెట్టారు. బండల పక్కగా కాలువ తవ్వారు. పై నీటి మట్టానికీ కింది నీటి మట్టానికీ ఉన్న తేడాను పడవ దిగడానికీ ఎక్కడానికీ లాకులు పెట్టారు. కాలువల సీమవాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ తెలంగాణ పాఠకులకు లాకు పని చేసే తీరు చెప్పాలి. రెండు రాతి గోడల మధ్య ఒక పొడవాటి గది, దానికి రెండు చివర్లా తలుపులు. ఎగువ నుంచి పడవ గదిలోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల అడుగున ఉన్న చిన్న తూములు తెరుస్తారు. గదిలోని నీరు మెల్లగా కిందికి జారుతుంది, దాంతోపాటు పడవా దిగుతుంది. లోపలి నీరూ బయటి నీరూ సమానమయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. పైకి వెళ్ళే పడవకు ఇదంతా తిరగేసి చేస్తారు. ఇంజను లేదు, కరెంటు లేదు. నీటి బరువే పని చేస్తుంది, తలుపులు తిప్పే లస్కరు చెయ్యి దానికి తోడు.

లాకు గోడ దగ్గర కూర్చుని చాలాసేపు చూశాను. చెక్కిన రాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి, మధ్యలో సున్నం గీతలా కనిపిస్తుంది. తలుపు తిరిగే చోట రాయిని నిలువునా గుండ్రంగా తొలిచారు. తలుపు మాను అందులో కూర్చుని తిరగాలి, అయినా పక్కనుంచి నీరు కారకూడదు. ఆ గాడిలో అరచెయ్యి పెట్టి కింది దాకా రాస్తే ఎక్కడా ఎగుడుదిగుడు తగలలేదు. ఉలి పట్టిన చేతులు ఎవరివో ఏ నివేదికలోనూ ఉండవు. రాయి మాత్రం సాక్ష్యం చెబుతోంది. గోడ సందుల్లోంచి రావి మొక్కలు లేచాయి. గట్టు మీద మేకలు కాసుకుంటున్న ఒక పెద్దామె నన్ను చూసి, "ఏం బాబూ, సర్వేకు వచ్చిన్రా?" అంది. కాదమ్మా, ఊరికే చూడ్డానికి వచ్చానంటే నమ్మలేదు. "ఊకె ఎవరొస్తరు ఈడికి? వస్తే కొలతలకే వస్తరు," అంది.

ఆమె అనుమానంలో తప్పు లేదు. ఈ ఒడ్డుకు కొలతల టేపుతో వచ్చినవాళ్ళే ఎక్కువ. పాత ఆనకట్టకు దిగువనే ఇప్పుడు సీతమ్మసాగర్ బ్యారేజీ కడుతున్నారు. ఖమ్మం వైపు పొలాలకు నీళ్ళిచ్చే సీతారామ ఎత్తిపోతలకు ఇదే ఆధారం. నూట యాభై ఏళ్ళ తేడాతో ఒకే చోట రెండు కట్టడాలు. ఒకటి పడవ కోసం, ఒకటి పైరు కోసం.

పడవ దారి పనులు 1871లో ఆగిపోయాయి. అడవి జ్వరాలు కూలీలను, అధికారులను కూడా పడగొట్టాయి. ఖర్చు అంచనాలు దాటింది. ఆపైన 1867లోనే బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. వానాకాలం నుంచి శీతాకాలం దాకా తప్ప నడవని పడవ, పన్నెండు నెలలూ నడిచే రైలుతో పోటీ పడలేదు. బేరారు పత్తి పడమటికి మళ్ళింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. పనులతో పాటు వచ్చినవాటిలో నిలిచింది దుమ్ముగూడెం క్రైస్తవ మిషన్ ఒక్కటే. హేగ్ చొరవతో మొదలైన ఆ మిషన్లో పనిచేసిన జాన్ కెయిన్ ఈ ప్రాంతపు కోయల గురించి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో వరుసగా వ్యాసాలు రాశాడు. కోయల ఆచారాల గురించి అచ్చులోకి వచ్చిన తొలి వివరమైన రాతల్లో అవి ఉన్నాయి.

మర్నాడు దిగువకు బయల్దేరాను. భద్రాచలం ఊరు తెలంగాణ. ఊరి పొలిమేర దాటగానే ఎటపాక, ఆంధ్రప్రదేశ్. భద్రాచలం తాలూకా 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో పోలవరం ముంపు కారణంగా చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రాలో కలిశాయి, పట్టణం మాత్రం ఇటు మిగిలింది. సరిహద్దు ఇన్నిసార్లు మారినా జనం సంతకు పోయే ఊరు మారలేదు. కూనవరం మనిషి ఇప్పటికీ మందులకీ బట్టలకీ భద్రాచలమే వస్తాడు.

దారి పొడవునా మిరప తోటలు, మధ్యలో పొగాకు మళ్ళు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నీరు బురద రంగు, శబరి నీరు ఆకుపచ్చ. కలిసిన చోట నుంచి కొంత దూరం రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఊళ్ళలో ఇళ్ళ గోడల మీద ఆడమనిషి తలకు పైన, ఒక్కోచోట చూరుకు పైన, మట్టి చార గీసినట్టు ఉంది. 2022 జులై వరద గుర్తు అది. అప్పుడు భద్రాచలం దగ్గర నీటి మట్టం 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగులే ఇప్పటికీ పెద్ద రికార్డు. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 53 అడుగులకు అంటే మిగతాది మీరే ఊహించుకోండి. ఇక్కడ ఏ ఇంట్లో ఏ సంగతి అడిగినా "ఎనభై ఆరుకి ముందు", "ఎనభై ఆరు తర్వాత" అనే చెప్తారు.

పోచవరం రేవులో లాంచీ ఎక్కాను. తెలంగాణ వైపు నుంచి పాపికొండలు చూసేవాళ్ళు ఎక్కేది ఇక్కడే. పేర్లు రాయించుకుని, లైఫ్ జాకెట్ తొడుక్కున్నాకే పడవలోకి పంపుతారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల మంది చనిపోయాక ఈ కట్టుదిట్టాలు పెరిగాయి. నది ఉరవడిగా ఉంటే బోట్లు కదలనివ్వరు.

పై అంతస్తులో మైకు, పాటలు, డ్యాన్సులు. కుటుంబాలకు అదో సరదా. నాకు నీటి చప్పుడు కావాలి. సరంగు గది పక్కన ఇనుప పెట్టె మీద చోటు దొరికింది. సరంగు అరవై దాటిన మనిషి, నది మీదే తల నెరిసినవాడు. చుక్కాని చక్రం మీద ఒక చెయ్యి, రెండో చేతిలో టీ గ్లాసు.

"ఇదివరకు ఇట్టా గ్లాసు పట్టుకుని నడిపేవాళ్ళం కాదు సారూ," అన్నాడు ఆయన. "ఇసక ఏడ తేలిందో, నీళ్ళ రంగు ఏడ మారిందో చూసుకుంటా రెండు చేతుల్తో తిప్పాలి. నీళ్ళు నురగ కడతన్నాయంటే కింద బండ ఉన్నట్టు. ఇప్పుడు అంతా నిండిపోయింది. ఎటు తిప్పినా లోతే."

"మంచిదే కదా మరి?"

"పడవకి మంచిదే. ఎక్కించుకోను ఊళ్ళు ఉండాలి గదా."

ఒడ్డున చూస్తే ఆయన మాట అర్థమవుతుంది. పోలవరం దగ్గర ఎగువ కాఫర్ డ్యాం కట్టి 2021లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్ళించినప్పటి నుంచి ఈ నీరు మునుపటిలా పారదు. ప్రాజెక్టు పూర్తి మట్టం 45.72 మీటర్లకు నింపితే ఈ రెండు ఒడ్డుల్లో చాలా ఊళ్ళు లోపలికి పోతాయి. కొన్ని ఇప్పటికే ఖాళీ అయ్యాయి. తలుపులు, పెంకులు ఊడదీసుకుపోయిన గోడలు, బడి గేటు, చింతచెట్టు కింద ఎవరూ కూర్చోని అరుగు. రేవు మెట్లు నీళ్ళలోకి దిగిపోయాయి. లాంచీ వాటి ముందు నుంచి వేగం తగ్గించకుండా పోయింది.

ఒకప్పుడు రాజమండ్రి నుంచి కూనవరం దాకా లాంచీలే ఈ ఊళ్ళకు బస్సులు. టపా వాటిలోనే వచ్చేది, పెళ్ళివారు వాటిలోనే వచ్చేవారు. వెదురు, టేకు దుంగలు తెప్పలుగా కట్టి ప్రవాహం మీద రాజమండ్రికి దింపేవారు. నాటుపడవలు గాలి ఉంటే తెరచాపతో, లేకపోతే గడతో నడిచేవి. ఎదురు నీటిలో గడ నిలవకపోతే మనుషులు ఒడ్డున నడుస్తూ తాడుతో లాగేవారు. రాజమండ్రి నుంచి భద్రాచలానికి పడవ మీద కల్యాణానికి పోవడమే కథగా బాపు తీసిన 'అందాల రాముడు' 1973లో వచ్చింది. శేఖర్ కమ్ముల 'గోదావరి' 2006లో వచ్చింది. ఆ రెండు సినిమాల్లోని ప్రయాణం ఇవాళ ఒక్క పడవలో చేయలేం. మధ్యలో డ్యాం అడ్డు. రాజమండ్రి వైపు నుంచి వచ్చేవాళ్ళు కూడా డ్యాంకు ఎగువన గండిపోచమ్మ దగ్గర ఎక్కుతారు.

కొండలు దగ్గరకొచ్చాయి. రాజమండ్రి దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే గోదావరి ఇక్కడ రెండు కొండల మధ్య కొన్ని వందల మీటర్లకు కుదించుకుపోతుంది. ఇటు చెట్ల నీడ, అటు చెట్ల నీడ, నది మధ్యలో ఒక సన్నటి ఎండ చార. పైన మైకు కూడా ఆపేశారు, ఎవరు చెప్పారో గానీ. ఈ అడవి 1,012 చదరపు కిలోమీటర్ల పాపికొండల నేషనల్ పార్కులో భాగం. 2008లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. గట్టు మీది వాలులో కొండరెడ్ల పోడు చేలు అక్కడక్కడా పసుపు రంగు మచ్చల్లా ఉన్నాయి. కంది కోతకు వచ్చింది.

పేరంటపల్లి దగ్గర లాంచీ కట్టేశారు. కొండ మీంచి దిగే సెలయేరు పక్కన శివాలయం, రామకృష్ణ మునివాటం. బాలానంద స్వామి ఇక్కడ ఆశ్రమం కట్టుకుని కొండరెడ్ల మధ్యే ఉండిపోయారు. లోపల గట్టిగా మాట్లాడొద్దంటారు, జనం కూడా మాట వింటారు. గుడి కింద మెట్ల దారిలో కొండరెడ్డి ఆడవాళ్ళు వెదురు బొమ్మలు అమ్ముతున్నారు. ఒకామె పచ్చి వెదురు గణుపును కాళ్ళ మధ్య బిగించి, చిన్న కత్తితో నిలువునా చీలుస్తోంది. ముందు నాలుగు బద్దలు, ఒక్కో బద్ద మళ్ళీ నాలుగు, చివరకు కాగితం మందం చీలికలు. వేలితో ఒత్తి చూసి పెళుసుగా ఉన్నదాన్ని పక్కకు పారేస్తోంది. మిగిలినవి వంచి ముడివేస్తే పడవ తయారు, తెరచాపతో సహా. ఆమె చేస్తున్న పడవ లాంచీ కాదు, పాత నాటుపడవ. "ఇలాంటివి ఇప్పుడు తిరుగుతున్నాయా అమ్మా?" అన్నాను. "మా అయ్య తిప్పేటోడు," అంది తల ఎత్తకుండా.

తిరుగు ప్రయాణంలో ఎదురు నీరన్నదే లేదు. ఇంజను ఒకే శ్రుతిలో పాడుతూ పోయింది. సరంగు పక్కన కూర్చుని లెక్క వేసుకున్నాను. భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరిని 2008లో కేంద్రం నాలుగో నంబరు జాతీయ జలమార్గంలో చేర్చింది. పోలవరం ప్రణాళికలో పడవలు దాటేందుకు లాకు, సొరంగం ఉన్నాయి. హేగ్ ఏళ్ళ తరబడి వెతికింది ఏడాది పొడవునా నిలిచే లోతు నీటి కోసం. అది ఇప్పుడు వచ్చింది. అది వచ్చేసరికి పత్తి రోడ్డెక్కింది, ఉప్పు రైలెక్కింది, రేవున్న ఊళ్ళు పునరావాస కాలనీలకు పోయాయి. నీటి దారి కావాలన్నప్పుడు నీళ్ళు లేవు, నీళ్ళు వచ్చినప్పుడు ఒడ్డున మనుషులు లేరు. అప్పుడైనా ఇప్పుడైనా ఒడ్డున ఉన్నవాళ్ళను అడిగి గీసిన పటం కాదిది. నా తీర్పు ఇంతే.

అయినా చేయగలిగింది ఒకటుంది. ఇంగ్లండులోనూ బొగ్గు మోయడానికి తవ్విన పాత కాలువలను రైళ్ళు చంపేశాయి. 1944లో ఎల్.టి.సి. రోల్ట్ అనే ఆయన తన సన్నపాటి పొడవు పడవలో ఆ కాలువల మీద తిరిగిన అనుభవాన్ని పుస్తకంగా తెచ్చాడు. దాన్ని చదివినవాళ్ళతో 1946లో ఒక సంఘం ఏర్పడింది. మామూలు జనమే పారలు పట్టుకుని పూడిక తీశారు, లాకు తలుపులు మళ్ళీ బిగించారు. ఇవాళ ఆ కాలువల మీద గంటకు నాలుగు మైళ్ళ వేగం దాటకుండా కుటుంబాలు సెలవులకు తిరుగుతున్నాయి. మనకు అన్ని మైళ్ళు అక్కర్లేదు. దుమ్ముగూడెంలో ఒక కాలువ, రెండు లాకులు చాలు. గోడల్లోని రావి మొక్కలు పీకించి, పగుళ్ళకు సున్నం పెట్టించి, ఒక జత తలుపులు చేయించి, లాకు ఎలా పనిచేస్తుందో బడిపిల్లలకు చూపించేలా పెట్టవచ్చు. నాటుపడవ నడిపినవాళ్ళు, తెప్పలు కట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకు జీతమిచ్చి అక్కడ కూర్చోబెట్టి చెప్పించవచ్చు. పర్ణశాలకు ఎలాగూ జనం వస్తున్నారు. వాళ్ళ బస్సు అరగంట ఆగితే సరిపోతుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, వానాకాలంలో బోట్లు ఉండవు. భద్రాచలంలో బస చేసి, పోచవరానికి పొద్దున్నే బయల్దేరండి. లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని విప్పకండి. పేరంటపల్లిలో బేరం ఆడకండి, ఆ వెదురు పడవకు పట్టే శ్రమ మీరు చూస్తారు. దుమ్ముగూడెం తప్పకుండా ఆగండి. లాకు గట్టు మీద మేకలు కాసే పెద్దామె మళ్ళీ అడిగితే, సర్వేకు కాదమ్మా, చూడ్డానికే వచ్చామని చెప్పండి. అలా చెప్పేవాళ్ళు పదిమంది పెరిగితే ఆ రాళ్ళను పట్టించుకునేవాళ్ళూ పెరుగుతారు.